కాళ్ల దగ్గర నిలబడ్డామెకు సున్నా

ఇన్నేళ్ల నర్సు ఉద్యోగంలో నేను చెయ్యి చేసుకున్నది ఒక్కడి మీదే. అదీ చేతికి గ్లౌజు ఉండగానే. ఆ దెబ్బకు గ్లౌజుకున్న రక్తం అతని చెంపకీ గడ్డానికీ అంటుకుంది. అది అతని తండ్రి రక్తం. తిరిగి కొడతాడేమోనని పక్కనున్న చిన్న నర్సు బిగుసుకుపోయింది. కొడితే బాగుండుననే నాకు అనిపించింది, రెండో దెబ్బ వేయడానికి సాకు దొరికేది. అతను కొట్టలేదు. గడ్డాన్ని భుజానికి తుడుచుకుని, "సిస్టరమ్మా, ఇయ్యాల్టి మార్కులు తీసేస్తవా?" అని అడిగాడు.

ఆ మాటకు నా కోపం ఎటు పోయిందో తెలియదు, భయం వేసింది. ఆ మార్కులు వేసింది నేను. వాటి కోసం మనుషులు కొట్టుకునేదాకా వస్తారని తెలిసి కూడా నోరు మూసుకున్నది నేను.

తెలంగాణ రావడానికి ఇంకా రెండు మూడేళ్లుండగా జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను గోదావరిఖనిలో, ప్రాణాల మీదికి వచ్చినవాళ్లను పెట్టే వార్డులో పనిచేస్తున్నాను. డాక్టర్లు దాన్ని ఐసీయూ అనేవారు, మా ఆయాలు మిషన్ల రూము అనేవారు. ఎనిమిది మంచాలు. బాయిలో, అంటే బొగ్గు గనిలో, ఒక్కడు దెబ్బతిని లోపల పడితే బయట ఇరవై మంది చేరేవారు. పెళ్లాం పిల్లలు, తమ్ముళ్లు, బావలు, అదే షిఫ్టులో పనిచేసేవాళ్లు, వాళ్ల వెనక యూనియన్ వాళ్లు. ఆ వార్డు తలుపు అద్దం నా కళ్ల ముందే మూడుసార్లు పగిలింది. ఒకసారి ఇటుకతో, ఒకసారి హెల్మెట్‌తో, ఒకసారి మనిషి తలతో. నాలుగోసారి అద్దం మానేసి రేకు బిగించారు. ఆ రేకు మీద ఎన్ని సొట్టలుండేవో లెక్కలేదు.

వాళ్లను తప్పు పట్టే హక్కు నాకు లేదు. నేనూ ఆ క్వార్టర్లలోనే పుట్టాను. మా వైపు మగవాళ్లకు దుఃఖం వస్తే కళ్లకంటే ముందు చేతుల్లోకి వస్తుంది. మా నాన్న ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, అయినా నాయనమ్మ పోయినరోజు గోడను గుద్ది రెండు వేళ్లు విరగ్గొట్టుకున్నాడు. ఆయనది హాలేజీలో పని. బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజనును హాలేజీ అంటారు. లోపల టబ్బుల దగ్గరున్నవాడికీ ఇంజను దగ్గరున్నవాడికీ మధ్య మాటలు వినపడవు, గంటలే. ఒక్క గంట కొడితే ఆపు. రెండు గంటలకు, మూడు గంటలకు వేరే అర్థాలు. మా నాన్న ఇంట్లో కూడా అదే పద్ధతి పెట్టాడు. మేం పిల్లలం జుట్లు పట్టుకుని కొట్టుకుంటుంటే మంచం పట్టె మీద వేలి కణుపుతో ఒక్కసారి కొట్టేవాడు. ఎవరి చెయ్యి ఎక్కడుంటే అక్కడే ఆగిపోవాలి. ఆగకపోతే రెండోసారి మంచం మీద కొట్టేవాడు కాదు, మమ్మల్నే కొట్టేవాడు.

ఇక ఆ మార్కుల సంగతి.

మా వార్డుకు కొత్తగా ఒక మత్తు డాక్టరమ్మ వచ్చింది. హైదరాబాద్ పిల్ల, ముప్పై కూడా ఉండవు. మంచి మనిషి. మాలో ఎవరికైనా జ్వరమొస్తే తన టిఫిను పెట్టి ఇంటికి పంపేది. ఆమెకు ఒక నమ్మకం ఉండేది. ఇంటివాళ్లు లోపలికి వచ్చి చెయ్యి వేస్తే రోగి తొందరగా కోలుకుంటాడని. అయితే ఎంత చెయ్యి వేస్తే ఎంత లాభమో ఎవరూ సరిగ్గా కొలవలేదట, తను కొలుస్తుందట. అందుకోసం ఒక కాగితం తయారుచేసింది. మంచానికొకటి. నిలువుగా మనుషుల వరసలు: భార్య, కొడుకు, కూతురు, అల్లుడు. అడ్డంగా పనులు: ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పడం, కాళ్లూ చేతులూ కదిలించడం, ముక్కులోని గొట్టంతో పాలు పోసేటప్పుడు సాయం పట్టడం, పలకరించడం. ఏమీ చేయకపోతే సున్నా. చెబితే చేసినవాళ్లకు ఒకటి. చెప్పకుండా చేసినవాళ్లకు రెండు. మనసుపెట్టి చేసినవాళ్లకు మూడు. రోజూ డ్యూటీ నర్సు వేయాలి.

"మేడమ్, ఏడ్చినోళ్లకెన్ని వెయ్యాలె?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "ఏడుపుకు గడి పెట్టలేదు సిస్టర్."

ప్రేమను సోలతో కొలవాలా, మానికతో కొలవాలా అని నేనూ నా తోటి నర్సులూ టీ తాగేటప్పుడు నవ్వుకున్నాం. నవ్వుకుంటూనే వేశాం. ఆమె అడిగింది కాబట్టి, ఆమె మంచిది కాబట్టి.

ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక పొద్దటి షిఫ్టులో ఆ తండ్రిని తెచ్చారు. యాభై ఆరేళ్ల మనిషి. మా నాన్న చేసిన పనే అతనిదీ, హాలేజీలో. తాడు తెగి టబ్బులు వెనక్కి జారి అతన్ని గోడకేసి నొక్కేశాయి. కుడివైపు పక్కటెముకలు ఆరు విరిగాయి, అందులో ఒకటి ఊపిరితిత్తిలోకి దిగింది. బొగ్గు పొడి కలిసిన రక్తం ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. ఎర్రగా ఉండదు, చిక్కటి నల్లటి ముద్ద. బూట్లు కత్తిరించి తీశాం. రొమ్ము పక్కన కోసి గొట్టం పెడితే సీసా సగం నిండింది. మిషను మీద పెట్టాం. తొమ్మిది రోజుల తరవాత నోట్లో గొట్టం తీసి, గొంతు కింద రంధ్రం చేసి అక్కడ పెట్టారు. అలా పెడితే మనిషి మాట్లాడలేడు, అరిచినా చప్పుడు రాదు. తెలివి వచ్చినప్పుడల్లా ఆ గొట్టం పీక్కోబోయేవాడు, అందుకని రెండు చేతులూ మంచం కడ్డీలకు గుడ్డతో కట్టేశాం. కట్టింది నేనే. రోజూ ముడి విప్పి మణికట్లకు నూనె రాసి మళ్లీ కట్టేదాన్ని.

పన్నెండో రోజు డాక్టరమ్మ మిషను మీద అంకెలు చూసి, "బతుకుతాడు సిస్టర్, నిదానంగా మిషను తప్పిద్దాం" అంది. అప్పటిదాకా ఆ మాట ఆమె అనలేదు. నాకు చాలా సంతోషం వేసింది. అంత నుజ్జయి వచ్చిన మనిషిని అప్పటికి నేను బతికించలేదు. ఇతన్ని నడిపించి పంపాలని పట్టుదల పుట్టింది.

అతని కోసం ముగ్గురు వచ్చేవారు. భార్య, కొడుకు, అల్లుడు. కూతురు బాలింత, రాలేకపోయింది. కొడుకు కాంట్రాక్టరు దగ్గర టిప్పరు నడిపేవాడు, తండ్రితో మాటల్లేక నాలుగేళ్లు వేరే ఉన్నాడు. ఆ నాలుగేళ్లూ ఇంట్లో ఉండి చూసుకున్నది ఇల్లరికపు అల్లుడు. బాయి మనిషి చచ్చిపోయినా, ఇక పనికి రాడని డాక్టర్ల బోర్డు రాసినా ఆ ఇంట్లో ఒకరికి నౌకరి ఇచ్చే పద్ధతి ఉండేది. ఒకరికే. అది అల్లుడికే ఇస్తానని మామ చేతిలో చెయ్యేసి చెప్పాడట. కొడుకుండగా అల్లుడికేంటని కొడుకు. మొదటిరోజే వార్డు బయట ఒకడి చొక్కా ఒకడు చింపుకున్నారు. లోపల మామ రొమ్ములోంచి రక్తం కారుతుంటే బయట బామ్మర్ది పెదవి నుంచి కారింది. సెక్యూరిటీ అతను ఇద్దరినీ చెరో మూలా నిలబెట్టాడు.

లోపలికి వచ్చాక మాత్రం ఇద్దరూ బొమ్మల్లా నిలబడేవారు. ఒకరోజు నేను ఒక్కదాన్నే ఉన్నాను. రిటైరైన ఆయాల చోట కొత్తవాళ్లను వేయలేదు, ఉన్నవాళ్లు ఆ రోజు బందు వల్ల రాలేకపోయారు. అతను పక్క ఖరాబు చేసుకున్నాడు. అంత బరువు మనిషిని, విరిగిన ఎముకలతో, గొట్టాలు కదలకుండా తిప్పి దుప్పటి తీస్తున్నాను. కొడుకు సెల్లు ఫోను మీటలు నొక్కుతున్నాడు. అల్లుడు ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. నాకు కోపం నెత్తికెక్కింది.

"ఏం చూస్తున్నరు తమాషా? ఎవలు ఏం చేస్తున్నరో అంత ఈ కాయిదంల రాస్తున్న. ఇది ఆఫీసుకు పోతది. అప్పుడు ఎరుకైతది మీకు!" అన్నాను.

అది అబద్ధం. ఆ కాగితం డాక్టరమ్మ బీరువాలోకి తప్ప ఎక్కడికీ పోదు.

మరునాడు ఇద్దరూ స్నానం చేసి, చొక్కా చేతులు మడిచి వచ్చారు. నేను చెప్పకముందే ఒకడు తల దగ్గర, ఒకడు నడుము దగ్గర నిలబడ్డాడు. తుడిచారు, ఎత్తారు, దుప్పటి మార్చారు. పనయ్యాక అల్లుడు నా టేబులు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "సిస్టరమ్మా, నాకెన్ని పడ్డయి? మా బామ్మర్దికెన్ని?"

అప్పుడు అర్థమైంది నాకు. నౌకరి ఎవరికివ్వాలో ఆ కాగితం తేలుస్తుందని వాళ్లు నమ్మారు. ఎక్కువ మార్కులొచ్చినవాడి పేరు ఆఫీసులో రాసుకుంటారని. బాయిలో దేనికైనా ఒక కాగితం ఉంటుంది, ఆ కాగితం మీద ఎవరో గీత పెడతారు, ఆ గీతతో మనిషి బతుకు తిరిగిపోతుంది. వాళ్లు పుట్టినప్పటి నుంచి చూసింది అదే. నమ్మకేం చేస్తారు?

కాదు తమ్మీ, ఇది వేరే కాగితం అని ఒక్క మాట చెబితే అయిపోయేది. నేను చెప్పలేదు.

"చేస్తె పడ్తయి," అన్నాను.

ఎందుకలా అన్నానని నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. నడుము నొప్పి ఒక కారణం. ఎనిమిది మంచాలకు ఇద్దరం ఉండడం ఒక కారణం. కానీ అసలు కారణం అది కాదు. అద్దాలు పగలగొట్టిన చేతులు, మమ్మల్ని లంజల్లారా అని తిట్టిన నోళ్లు, ఇప్పుడు నా పెన్ను వైపు చూస్తున్నాయి. నాకది బాగుంది. నా చేతికి కర్ర దొరికినట్టు ఉంది.

వారం రోజుల్లో వాళ్ల సేవ కుస్తీ అయింది. కొడుకు తడిగుడ్డతో ఎంత గట్టిగా రుద్దేవాడంటే భుజం మీద తోలు లేచింది. అల్లుడు మోకాళ్లు వంచి చాపి వంచి చాపి, నేను కదిలించమన్నది పదిసార్లయితే ఇరవైసార్లు చేసేవాడు. ఒకడు ఒక గడిలో మూడు తెచ్చుకుంటే రెండోవాడు అదే పని మళ్లీ చేసేవాడు. ఇప్పుడే తుడిచిన ఒంటిని మళ్లీ తుడవడం, ఇప్పుడే తిప్పిన మనిషిని మళ్లీ తిప్పడం. పలకరించడానికి కూడా మార్కులున్నాయని తెలిసి ఇద్దరూ రెండు చెవుల్లో ఒకేసారి "నాయినా", "మామా" అని కేకలు వేసేవారు. తిప్పినప్పుడు విరిగిన ఎముకలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. అతని నోరు పెద్దగా తెరుచుకునేది, మెడ నరాలు లేచేవి. అరుపు మాత్రం గొంతు రంధ్రంలోంచి గాలిగా పోయేది. అతనికి బదులు మిషను కూసేది. నేను వచ్చి దాని మీట నొక్కి నోరు మూయించేదాన్ని. తరవాత టేబులు దగ్గరికి వెళ్లి మూడేసి మార్కులు వేసేదాన్ని.

భార్య కాళ్ల దగ్గర నిలబడేది. వచ్చిన మొదటిరోజు నుంచీ అక్కడే. తుడవదు, తిప్పదు, పలకరించదు, ఏడవదు. దుప్పటి కింద కుడి చెయ్యి పెట్టి మొగుడి కుడి పాదం పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడేది. గంటసేపూ అంతే. ఆమె వరసలో ఐదు గడుల్లోనూ సున్నాలు. రోజూ గుండ్రంగా పెట్టేదాన్ని.

ఒకరోజు కొడుకూ అల్లుడూ తిప్పుతుంటే ఆమె మెల్లగా అంది. "ఆపుమంటున్నడు బిడ్డా."

"ఎవలవ్వా?"

"ఆయన."

నేను అతని మొహం చూశాను. కళ్లు మూసుకుని ఉన్నాడు, చేతులు కట్టేసి ఉన్నాయి, గొంతులో గొట్టం. "ఆయన మాట్లాడలేడవ్వా. నువ్వు జర పక్కకు జరుగు, వాళ్లను చెయ్యనీ," అన్నాను. ఆమె పక్కకు జరిగింది కానీ దుప్పటి కింద చెయ్యి తీయలేదు.

రెండ్రోజుల తరవాత మళ్లీ అదే మాట. ఆ తరవాత ఇంకోసారి. మూడోసారి నాకు విసుగొచ్చింది. "నువ్వు చెయ్యవు, చేసెటోళ్లను చెయ్యనియ్యవు. ఏందవ్వా గిది?" అని కసిరాను. ఆమె మళ్లీ నోరు తెరవలేదు. అదే వారం డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, ఆ మంచం కాగితం ఎత్తి నాకు చూపించింది. "ఇంత బాగా చూసుకునే కుటుంబం మన వార్డులో ఇంకోటి లేదు సిస్టర్," అంది. ఆమె మొహం వెలిగిపోతోంది. నేను తలూపాను.

ఆ తరవాతి రోజు సాయంత్రం నాలుగింటికి, ఇంటివాళ్లను లోపలికి వదిలే వేళకు, డాక్టరమ్మ ఆపరేషన్ థియేటర్లో ఉంది. నేను మూడో మంచం దగ్గర సూది వేస్తున్నాను. ఆ ఇద్దరికీ ఎవరో చెప్పారట, కాగితం రేపు ఆఫీసుకు పోతోందని. నేను చెప్పలేదు, నేను పుట్టించిన అబద్ధానికి అప్పటికే కాళ్లొచ్చాయి.

"నిన్న నువ్వే తిప్పినవ్, ఇయ్యాల నేను," అల్లుడి గొంతు.

"ఆయన నా నాయిన. చెయ్యి తియ్."

"నాలుగేండ్లు యాడవోయినవ్ బే, నాయినంటున్నవ్?"

నేను తల తిప్పేసరికి ఇద్దరూ దుప్పటిని చెరో వైపు లాగుతున్నారు. మధ్యలో ఆ మనిషి అటూ ఇటూ ఊగుతున్నాడు. మిషను పైపు కొడుకు మోచేతి కింద ఇరుక్కుంది. వద్దని అరిచాను. నా అరుపుకు కొడుకు గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ చెయ్యితో పాటు పైపు వచ్చింది, పైపుతో పాటు గొంతులోని గొట్టం వచ్చేసింది.

చప్పుడు ఏమీ కాలేదు. రంధ్రంలోంచి రక్తం మాత్రం బుడగలు బుడగలుగా పొంగింది. వాళ్లు చూడలేదు. అల్లుడు బామ్మర్ది మెడ పట్టుకున్నాడు, బామ్మర్ది చేతికి అందిన స్టీలు ట్రే ఎత్తి అతని నుదుటి మీద కొట్టాడు. నుదురు చీలి అతని రక్తం కూడా ఆ మంచం మీదే పడింది. నేను ఉరికి వచ్చి రంధ్రం మీద చెయ్యి పెట్టాను. తల దగ్గర నాకు చోటు కావాలి. కొడుకు అక్కడే బావ చొక్కా పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నాడు. జరుగు అన్నాను, నెట్టాను, జరగలేదు. అప్పుడు కొట్టాను. అప్పుడు అతను మార్కుల గురించి అడిగాడు. అలా అడగడానికి, నేను నోరు తెరిచి వినడానికి పట్టిన సమయం కూడా అతని తండ్రి ఊపిరిలోంచే పోయింది.

సెక్యూరిటీ వాళ్లు ఇద్దరినీ ఈడ్చుకుపోయారు. బయట వాళ్ల వాళ్లు కలిశారు, రేకు తలుపు మీద దబదబా దెబ్బలు పడ్డాయి, ఎవరో టిఫిను డబ్బాతో ఎవరి తలో పగలగొట్టారు, ఆడవాళ్లు శోకాలు పెట్టారు. లోపల నేనూ చిన్న నర్సూ. డాక్టరమ్మ కోసం మనిషిని పంపాం. రంధ్రం కొత్తది, మూసుకుపోతోంది. కొత్త గొట్టం పెట్టబోతే దారి దొరకలేదు, పక్కకు పోయింది, మెడ ఉబ్బింది. తీశాను. అతని పెదవులు నల్లబడ్డాయి. కట్టేసిన చేతులు కడ్డీలను ఎగిరెగిరి కొట్టాయి. చిన్న నర్సు ఏడుస్తూ తల పట్టుకుంది. యేసయ్యా యేసయ్యా అంటూ నేను మోకాలు మంచం మీద పెట్టి, నా బరువంతా వేసి, రక్తంలోకి, కనపడని రంధ్రంలోకి గొట్టాన్ని గుచ్చాను. లోపల ఏదో చిరిగింది. గొట్టం దిగింది. గాలి లోపలికి పోయింది, రొమ్ము లేచింది. "బతికిచ్చిన," అని పైకే అన్నాను. నేల మీద కూర్చుండిపోయాను. బతికించానని అంత గట్టిగా నేను ఎప్పుడూ అనుకోలేదు.

అతను మళ్లీ కళ్లు తెరవలేదు. ఐదో రోజు పొద్దున పోయాడు.

డాక్టరమ్మ చాలా ఏడ్చింది. ఎలా జరిగిందని అడిగితే దుప్పటి సంగతి చెప్పాను, పైపు సంగతి చెప్పాను. ఆఫీసుకు పోతుందని నేను బెదిరించిన సంగతి చెప్పలేదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను. కొన్నాళ్లకు ఆమె పై చదువుకు వెళ్లిపోయింది. ఆ కాగితాల కట్ట కూడా ఆమెతో పోయింది. ఎక్కడో ఎవరో వాటిని కూడి ఉంటారు. అందులో మా వార్డు మొత్తం మీద ఎక్కువ మార్కులున్నది ఆ మంచానికే.

నౌకరి కొడుక్కి వచ్చింది. మార్కుల వల్ల కాదు, తల్లి అతని పేరు మీద సంతకం పెట్టింది కాబట్టి. అల్లుడు పెళ్లాన్నీ పసిబిడ్డనూ తీసుకుని గోలేటి వైపు వెళ్లిపోయాడని విన్నాను. నుదుటి మీద మచ్చ అలాగే ఉందట.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం ఆ కాళ్ల దగ్గర నిలబడ్డామె దవాఖానకు వచ్చింది, ఏదో కాగితం మీద ముద్ర కోసం. ముద్ర వేసే మనిషి అన్నానికి పోయాడు. వరండాలో బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంటే నేను టీ తెచ్చిచ్చి పక్కన కూర్చున్నాను. బయట వాన పడుతోంది. ఎందుకో ఆమెకు చెప్పాలనిపించింది. అంతా కాదు, చెప్పగలిగినంత.

"అవ్వా, ఆ కాయిదంల నేను నీకు సున్నాలేసిన. రోజూ."

ఆమె టీ గ్లాసు చేతుల మధ్య తిప్పుతూ ఆలోచించింది. "సక్కగనే ఏసినవ్ బిడ్డా. ఆయన ఆపుమంటనే ఉండె. నేను ఒక్కన్ని గూడ ఆపకపోతి. ఒకడు కొడుకు, ఒకడు అల్లుడాయె. ఎవల్ని ఆపుదు?"

"ఆపుమంటుండని నీకెట్ల తెలిసింది?"

ఆమె గ్లాసు పక్కన పెట్టి నా చెయ్యి తీసుకుంది. అరచెయ్యి పైకి తిప్పి, మధ్యలో తన బొటనవేలితో ఒక్కసారి నొక్కి వదిలింది. "కాలి బొటనేలుతోని. గిట్ల. చేతులు కట్టేస్తిరి గద. హాలేజీల చేసెటోడు, ఒక్క గంటంటే ఆపుడు. ఇంట్ల గూడ గంతే. నేను ఎక్కువ మాట్లాడితె గోడ మీద ఒక్కటి కొడుతుండె. వాళ్లు తిప్పినన్ని సార్లు కొట్టిండు. నీకు చెప్తె నువ్వు జరుగుమంటివి."

నా చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. చిన్నప్పుడు మంచం పట్టె మీద మోగిన ఆ ఒక్క దెబ్బ నాకు వినపడింది. ఆ దుప్పటి కింద నా చెయ్యి ఒక్కసారి పెట్టి ఉంటే, ఒక్కసారి, తెలిసిపోయేది.

"ఇంకోటి చెప్పనా?" అంది ఆమె. "ఆనాడు వాళ్లను గుంజుకపోయిన్రు గని, నేను ఆడనే ఉన్న. నువ్వు చూడలె. నువ్వు మీదికెక్కి గొంతుల గొట్టం గుచ్చుతుంటివి చూడు, అప్పుడు గూడ కొట్టిండు. ఒక్కటి. మల్ల ఒక్కటి. మల్ల ఒక్కటి. నువ్వు గొట్టం దించేదాంక కొడ్తనే ఉన్నడు. దిగినంక మల్ల కొట్టలె."

వాన వరండాలోకి జల్లు కొడుతోంది. ఆమె నా మొహం చూసి, భయపడ్డాననుకుందో ఏమో, నా చేతిని రెండు చేతులతో పట్టుకుని నిమిరింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నీ తప్పు గాదు. నీకు ఆ గంటల సంగతి తెల్వదు గద."

"తెల్వదవ్వా," అన్నాను.